వైకింగ్‌లో కింగ్ లేడు

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. నేను స్టాక్‌హోమ్‌లో ఉంటున్నానని తెలిసిన దగ్గర్నుంచీ వీడియో కాల్‌లో నా మొహం కనబడగానే వాడు అడిగేది ఒకటే: "మామయ్యా, వైకింగ్‌ని చూశావా?" వైకింగ్ అంటే వాడి లెక్కలో వెయ్యేళ్ళ కిందట ఈ స్వీడన్, నార్వే, డెన్మార్క్ వైపు నుంచి పడవల్లో పోయి దాడులు చేసిన వీరుడు. ఇక్కడ ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే స్వీడన్ అబ్బాయి, గోధుమరంగు గడ్డంతో, మధ్యాహ్నం డబ్బాలో సాలడ్ తింటూ కనబడతాడు, వాణ్ణి చూపించి వీడే అని చెప్దామని చాలాసార్లు అనిపించింది గానీ ఊరుకున్నాను. మొన్న ఆదివారం మాత్రం మావాడు ప్రశ్న మార్చాడు. "వైకింగ్ ఏ ఊరికి కింగ్?"

నవ్వేశాను కానీ ఆ రోజంతా ఆ ప్రశ్న వదల్లేదు. వాడు మాటని వై, కింగ్ అని రెండుగా విరిచాడు. విరగాల్సిన చోటు అది కాదు, వీక్, ఇంగ్. పాత నార్స్ భాషలో, అంటే ఆ కాలపు స్కాండినేవియా (స్వీడన్, నార్వే, డెన్మార్క్) వాళ్ళ భాషలో, ఆ మాట వీకింగ్ర్. మొదటి అక్షరం దీర్ఘంతో 'వీ'. ఇప్పటికీ స్వీడన్‌లో వీకింగ్ అనే అంటారు. 'వై' అన్న పలుకుబడి ఇంగ్లీషుది, మనకి ఆ మాట ఇంగ్లీషు గుండా వచ్చింది కాబట్టి మనమూ వైకింగ్ అనే రాసుకుంటున్నాం, నేనూ అలాగే రాస్తాను, ఇప్పుడు మార్చడం ఎవరి తరమూ కాదు. చివరున్న 'ఇంగ్' అంటే ఫలానాదానికి చెందినవాడు అని. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు కింగ్‌లో కూడా ఉన్నది ఆ 'ఇంగ్' ప్రత్యయమే. దాని పాత రూపం కునింగ్, అంటే వంశానికి చెందినవాడు. కాబట్టి మావాడు మరీ అంత తప్పేమీ మాట్లాడలేదు.

ఈ సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, అదే నేను చేసిన పొరపాటు. అరగంటలో మా బాబాయ్ నుంచి జవాబు: "ఇంగ్లీషు వాడు ఏదైనా చెప్తాడు. విక్రముడు, విక్రమ్, విక్, వైకింగ్. మనవాళ్ళే అక్కడికి వెళ్ళారు." కింద రెండు దండాలు, ఒక జెండా. మన దగ్గర ఇదొక జబ్బు, చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది. శబ్దం కలిస్తే చాలు చుట్టరికం కలిపేస్తాం. కానీ బాబాయ్ మీద పూర్తిగా కోప్పడలేను, ఎందుకంటే ఈ మాట విషయంలో సరిగ్గా ఇదే పని యూరప్ వాళ్ళు రెండు వందల ఏళ్ళుగా చేస్తున్నారు, మనకంటే శ్రద్ధగా, విగ్రహాలు కట్టి మరీ.

ముందు మాట ఎలా వాడేవాళ్ళో చూద్దాం. పాత నార్స్‌లో దగ్గరదగ్గరగా రెండు మాటలున్నాయి. వీకింగ్ర్ మనిషి, పుంలింగం. వీకింగ్ అనేది పని, స్త్రీలింగం. ఫలానావాడు 'వీకింగ్‌కి పోయాడు' అని రాస్తారు. దక్షిణ స్వీడన్‌లో, స్కోనె ప్రాంతంలో, వెస్ట్రా స్ట్రో అనే చోట ఒక రాయి మీద ఒకాయన తన సోదరుడు ఉత్తరాన వీకింగ్‌లో చనిపోయాడని చెక్కించాడు. మన తీరంలో మత్స్యకారుల ఇంటికెళ్ళి మనిషేడీ అని అడిగితే "వేటకెళ్ళాడు" అంటారు. అడవికెళ్ళాడని ఎవరూ అనుకోరు, పడవేసుకుని సముద్రం మీదకి పోయాడు, నాలుగు రోజుల్లో వస్తాడు. వీకింగ్‌కి పోవడమూ అంతే. పడవెక్కి, నలుగురు తోడుండి, దూరం పోయి, దొరికింది తెచ్చుకోవడం. దొరికినదానిలో మఠంలోని వెండి ఉండొచ్చు, పట్టుకొచ్చి అమ్ముకునే బానిసలు కూడా ఉండొచ్చు, అందులో గొప్పేం లేదు. పంట వేసేవాడు, గొర్రెల్ని కాసేవాడు, ఇంట్లో ఉన్ని వడికే ఆవిడ, వీళ్ళెవరూ వైకింగ్‌లు కారు. వాళ్ళ ఊళ్ళో ఎవరో ఒకరిద్దరు ఆ పనికి పోయేవాళ్ళు, అంతే.

అది జాతి పేరు కాదనడానికి ఇంకో రుజువు ఇంగ్లండులో ఉంది. బైబిల్ కథని పాత ఇంగ్లీషులో కావ్యంగా చెప్పిన ఒక కవి, మోషే జనం ఎర్రసముద్రం దాటుతున్న ఘట్టంలో రూబేను గోత్రం వాళ్ళని 'సముద్రపు వీకింగ్‌లు' అన్నాడు. ఎక్కడి రూబేను, ఎక్కడి నార్వే! ఆ కవికి ఆ మాట వింటే సముద్రం మీద తిరిగే పోటుగాళ్ళు గుర్తొచ్చారు తప్ప ఒక దేశం గుర్తు రాలేదు.

దెబ్బ తిన్నవాళ్ళు వీళ్ళని ఏమని పిలిచారో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 793 జూన్ 8న ఇంగ్లండు తీరంలోని లిండిస్‌ఫార్న్ దీవిలో ఉన్న మఠం మీద పడి దోచుకున్నవాళ్ళని ఇంగ్లీషు వార్షిక చరిత్ర 'అన్యమతస్థులు' అంది, తర్వాత్తర్వాత ఎక్కడి నుంచి వచ్చినా డేన్లు (డెన్మార్క్ వాళ్ళు) అనే రాసింది. ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఉన్న ఫ్రాంకులకి వీళ్ళు ఉత్తరాది మనుషులు, అక్కడి నార్మండీ పేరు ఆ మాట మీదే నిలబడింది. ఐర్లండు వాళ్ళు పరాయివాళ్ళు అన్నారు, కొత్త గుంపు దిగాక పరాయివాళ్ళలోనే తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అని రెండు రకాలు చేశారు. 844లో స్పెయిన్‌లోని సెవిల్ మీద దాడి జరిగినప్పుడు అరబ్బులు మజూస్ అన్నారు, అగ్నిని పూజించేవాళ్ళని అర్థం, అంటే తమకి తెలిసిన ముస్లిమేతరుల పేరొకటి తీసి అంటించారు. తూర్పున రూస్ అన్నారు. జర్మనీ వైపు బ్రెమెన్‌కి చెందిన ఆడమ్ అనే మతాధికారి 1070ల్లో రాస్తూ, ఈ సముద్రపు దొంగల్ని వాళ్ళవాళ్ళు వికింగులంటారు, మనవాళ్ళు అస్కొమన్నులంటారు అని రెండూ పక్కపక్కన పెట్టాడు. ఇన్ని పేర్లున్నా, అందరికీ కలిపి వైకింగ్ అనే ఒక్క ముద్ర అప్పట్లో ఎవరూ వేయలేదు.

ఇప్పుడు అసలు తగువు, ఆ 'వీక్' ఏమిటన్నది. నాలుగు వాదాలున్నాయి, నాలుగింటికీ పండితులున్నారు.

అందరికీ తెలిసినది, స్కూలు పుస్తకాల్లో కూడా కనిపించేది: వీక్ అంటే చిన్న అఖాతం, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్ అంటే పొగల అఖాతం. కాబట్టి వీకింగ్ర్ అంటే అఖాతంలో మాటువేసేవాడు. వినడానికి ఎంత బాగుందో! కానీ నార్వే మ్యాపు ఒకసారి తీసి చూడండి. ఆ తీరమంతా అఖాతాలే, అక్కడ ఎవడి ఇల్లు చూసినా అఖాతం పక్కనే ఉంటుంది. కోనసీమలో ఒకణ్ణి పట్టుకుని 'కాలవ గట్టువాడు' అని పేరు పెడితే ఎవరని అర్థమవుతుంది? అందరూ గట్టువాళ్ళే. పేరంటే మిగతావాళ్ళ నుంచి ఒకణ్ణి విడదీయాలి. పైగా వీకింగ్ అనే స్త్రీలింగ పదం, ఆ పని పేరు, అఖాతం లోంచి ఎలా పుట్టిందో ఈ వాదం సరిగ్గా చెప్పలేదు.

రెండోది, ఓస్లో అఖాతం చుట్టూ ఉన్న వీకెన్ ప్రాంతం పేరు మీద వచ్చిందన్నది. దీన్ని తొందరగా ముగించేయొచ్చు. ఆ ప్రాంతం వాళ్ళని పాత రాతలు వీక్‌వెర్యర్ అన్నాయి, వీకింగర్ అనలేదు.

మూడోది గట్టిది. పాత ఇంగ్లీషులో వీచ్ అంటే మకాం, సంత, వర్తకం జరిగే ఊరు. ఎనిమిదో శతాబ్దపు లండన్ పేరు లుండెన్‌విచ్. ఇప్స్‌విచ్, నారిచ్ లాంటి ఊళ్ళ తోకలో ఉన్నది అదే. లాటిన్ వీకుస్ నుంచి వచ్చింది. సుమారు 700 నాటి ఒక లాటిన్ ఇంగ్లీషు పదకోశంలో సముద్రపు దోపిడీకి అర్థం రాస్తూ వీచింగ్ మాటనే వాడారు, అంటే లిండిస్‌ఫార్న్ దాడికి దాదాపు వందేళ్ళ ముందే ఆ మాట ఇంగ్లండులో ఉంది. ఈ రుజువుని ఎవరూ పక్కన పెట్టలేరు. ఇక్కడ బాబాయ్‌కి ఒక శుభవార్త: లాటిన్ వీకుస్‌కీ మన సంస్కృత వేశ్మానికీ, ఇల్లు అనే అర్థంలో, మూలధాతువు ఒకటే. వైశ్యుడు కూడా అక్కణ్ణుంచే. ఈ వాదం నిజమైతే వైకింగ్‌కి మనతో నిజంగానే దూరపు చుట్టరికం ఉంది, కాకపోతే విక్రముడి కత్తి లోంచి కాదు, ఇంటి లోంచీ కొట్టు లోంచీ. గ్రూపులో ఇది పెడితే బాబాయ్ స్పందించలేదు.

నాలుగోదే నాకు నచ్చినది. పాత నార్స్‌లో విక అనే మాటకి వారం అని అర్థం, సముద్రం మీద ఒక దూరపు కొలత కూడా. తెడ్లు వేసేవాళ్ళు ఒక వంతు వేసి అలసిపోయి తర్వాతివాళ్ళకి చోటిచ్చేలోపు పడవ ఎంత దూరం పోతుందో అంత. మనకి కూతవేటు దూరం ఉంది కదా, మనిషి గొంతు ఎంత దూరం పోతే అంత. ఇదీ అలాంటిదే, కొలిచేది గొంతుకి బదులు భుజం. మూలంలో ఉన్న అర్థం పక్కకి జరగడం, చోటివ్వడం, తిరగడం. స్వీడిష్‌లో ఇప్పటికీ రోడ్డు మీంచి పక్క సందులోకి తిరగడాన్ని వీక అంటారు, ఉతికిన బట్టలు మడతపెట్టడాన్నీ వీక అంటారు. మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో ఆ మాట మొదట విన్నప్పుడు నాకు వైకింగ్ తట్టలేదనుకోండి. 1983లో బెర్టిల్ డాగ్‌ఫెల్ట్, తర్వాత 2005లో నార్వే పరిశోధకుడు ఎల్దార్ హైదె ఈ దారిలో వాదించారు. దీని ప్రకారం వీకింగ్ అంటే వంతులవారీగా తెడ్లు వేసే దూరప్రయాణం, వీకింగ్ర్ అంటే ఆ వంతుల్లో ఒకడు. మన మాటల్లో చెప్పాలంటే షిఫ్ట్ డ్యూటీ వాడు.

ఎందుకు నచ్చిందంటే, ముందు పని పేరు పుట్టి తర్వాత మనిషి పేరు పుట్టడం ఇందులో సహజంగా కుదురుతుంది. ఇంకోటి, స్కాండినేవియాలో తెరచాప వాడకం ఆలస్యంగా, సుమారు ఎనిమిదో శతాబ్దంలో గానీ ఊపందుకోలేదు. డెన్మార్క్‌లో, దక్షిణ జట్లండ్‌లోని నీడమ్ బురదలోంచి 1863లో తీసిన పడవ సుమారు 320 నాటిది, 23 మీటర్ల పొడవు, పదిహేను జతల తెడ్లు, తెరచాప కొయ్య లేదు. ముప్ఫై మంది వీపులు ఒక్క లయలో ముందుకీ వెనక్కీ ఊగితేనే అది కదిలేది. అలాంటి పడవలో సముద్రం దాటాలంటే వంతులు తప్పవు, వంతులున్నప్పుడు వంతుకి ఒక పేరు ఉంటుంది, వంతు వేసేవాడికీ పేరు ఉంటుంది. 700 నాటికే ఇంగ్లండులో ఆ మాట ఎందుకుందో కూడా దీంతో సరిపోతుంది, తెడ్ల కాలంలో ఉత్తర సముద్రం చుట్టూ అందరూ వాడుకున్న మాట అయ్యుండాలి. తూర్పున వినిపించిన రూస్ అన్న పేరు కూడా ఇలాంటిదే. ఫిన్‌లాండ్ వాళ్ళు నేటికీ స్వీడన్‌ని రువోత్సి అంటారు, అది తెడ్లు వేయడం అనే నార్స్ మాటకి సంబంధించినదని చాలామంది ఒప్పుకుంటారు. రష్యా పేరు అక్కణ్ణుంచే. ఒక వైపు పోయినవాళ్ళకి తెడ్ల పేరు పడినప్పుడు, ఇంకో వైపు పోయినవాళ్ళకి తెడ్డు వంతు పేరు పడడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ వాదంలో చిల్లు లేదని అనను. వీకింగ్ర్ అంటే తెడ్డు వంతు వేసేవాడు అని పాత రాతల్లో ఎక్కడా విడమరిచి రాసి లేదు, అంతా భాష లోపలి లెక్క. రేపు ఇంకెవరైనా గట్టి రుజువు తెస్తే నేను పార్టీ మారతాను.

ఇంకో సరదా సంగతి చెప్పకుండా ఉండలేను. చోటివ్వడం అనే ఈ మూలం లోంచే నార్స్‌లో వేయ్‌కర్ అనే మాట వచ్చింది, లొంగేది, మెత్తనిది అని. అది ఇంగ్లీషులోకి పోయి వీక్ అయింది. అంటే మా అమ్మ "పిల్లాడు వీక్‌గా ఉన్నాడు, రోజూ ఒక ఎగ్ పెట్టు" అన్నప్పుడు అందులో వీక్ నార్స్ మాట, ఎగ్ నార్స్ మాటే. మనం రోజూ అనే గ్యాప్, మిస్టేక్, లూజ్, నైఫ్, కేక్, స్కర్ట్, అన్నీ ఆ పడవల్లో ఇంగ్లండుకి చేరినవే. విండో కూడా, దాని అసలు అర్థం గాలికన్ను. మన గవాక్షం ఆవుకన్ను. ఇద్దరం గోడలో కన్నమే చూసి కన్ను అనుకున్నాం, ఎవరికి ఎవరూ చెప్పకుండానే.

సరే, పని పేరు జాతి పేరు ఎలా అయింది? మధ్యలో కొన్ని వందల ఏళ్ళు ఆ మాట ఇంగ్లీషు వాడకంలోంచి జారిపోయింది. 1809లో స్వీడన్ ఫిన్‌లాండ్‌ని రష్యాకి పోగొట్టుకుంది, రాజ్యంలో మూడో వంతు. ఆ అవమానంలో, 1811లో, స్టాక్‌హోమ్‌లో కొందరు కుర్రాళ్ళు గోతుల (గోత్‌లు, తమ పూర్వీకులని వాళ్ళు అనుకున్న పాత జాతి) సంఘం అని ఒకటి పెట్టుకున్నారు, ఆ ఏడే ఎరిక్ గుస్తాఫ్ యేయర్ అనే కవి 'వైకింగ్' అనే కవిత రాశాడు. ఇంట్లో ఊపిరాడక సముద్రం మీదకి పోయే వీరుడు అందులో ఉంటాడు. ఓడిపోయిన దేశానికి గెలిచిన తాత కావాలి, దొరికాడు. ఇంగ్లీషులోకి కూడా ఆ మాట దాదాపు అదే కాలంలో తిరిగొచ్చింది. 1876లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ ఒపేరాలకి దుస్తులు గీసిన కార్ల్ ఎమిల్ డెప్లర్ శిరస్త్రాణాలకి కొమ్ములు తగిలించాడు, అవి ఇప్పటికీ ఊడలేదు. 1943లో నార్వేలోని యెర్ముండ్‌బూలో దొరికిన అసలు వైకింగ్ కాలపు శిరస్త్రాణానికి కొమ్ములు లేవు, కళ్ళ చుట్టూ కళ్ళజోడు లాంటి ఇనుప పట్టీ ఉంది, అంతే. ఆ తర్వాత నాజీలు తమ ఎస్‌ఎస్ దళాల్లో ఒక డివిజన్‌కి ఈ పేరు పెట్టారు, రక్తశుద్ధి కబుర్లతో సహా.

ఆ కబుర్లకి 2020లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన మంచి జవాబు. ఎక్కువగా ఆనాటి సమాధుల్లోంచి తీసిన 442 మంది డిఎన్ఎ చదివారు. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వైకింగ్ కత్తులతో, వైకింగ్ పద్ధతిలో పాతిపెట్టిన మనుషులు జన్యువుల లెక్కన పిక్ట్‌లు, అంటే అక్కడి పాత స్థానిక జనం, స్కాండినేవియా రక్తం కాదు. షిఫ్ట్‌లో తెడ్డు వేయడానికి భుజం అడుగుతారు గానీ కులం అడుగుతారా?

దీనికి ఒక ఎదురువాదం ఉంది, మా ఫ్రెండ్ ఒకడు వేశాడు కూడా. "మాటలు మారతాయిరా, ఇవాళ వైకింగ్ అంటే ఆ కాలపు స్కాండినేవియా వాళ్ళందరూ అని జనం వాడుతున్నారు, నీకేంటి ప్రాబ్లమ్? మనం ఫిరంగి అనడం లేదా?" నిజమే. ఫ్రాంకు అనే జనం పేరు అరబ్బు, పారశీకాల గుండా దొర్లుకుంటూ వచ్చి మనదగ్గర గుండు పేల్చే గొట్టం పేరైంది. జనం పేరు వస్తువు పేరైనట్టే పని పేరు జనం పేరవ్వొచ్చు, భాషకి నేను అడ్డుపడను. వైకింగ్ యుగం అంటే నాకూ అభ్యంతరం లేదు, కాలానికి ఏదో ఒక పేరుండాలి. నా గొడవల్లా మారిన అర్థాన్ని జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళి పాతవాళ్ళ మీద అంటించడంతోనే. ఫిరంగి అంటే గుండు పేల్చే గొట్టం కాబట్టి ఫ్రాంకులందరూ పుట్టుకతోనే పేలేవాళ్ళు అంటే ఎలా ఉంటుంది? 'వైకింగ్‌ల వంట', 'వైకింగ్‌ల పెళ్ళి', 'వైకింగ్‌ల రక్తం' అనేవి నా చెవికి అలాగే వినబడతాయి. మన వైపు పిండారీలు ఉండేవాళ్ళు కదా, 1816లో గుంటూరు మీద పడి దోచుకుపోయారు. 'పిండారీల వంటకాలు' అని ఎవరైనా హోటల్ పెడితే గుంటూరు వాళ్ళు ఏమంటారో చూడాలని ఉంది.

దక్షిణ స్వీడన్‌లోని వెక్‌షో ఊళ్ళో పదకొండో శతాబ్దపు రాయి ఒకటుంది, దాన్ని నిలబెట్టినవాడు తన పేరు తోకి, వైకింగ్ తోకి అని గర్వంగా చెక్కించుకున్నాడు. కరీంనగర్ వైపు గల్ఫ్‌కి పోయొచ్చినాయన్ని ఊళ్ళో దుబాయ్ రాజయ్య అన్నట్టు. ఊరంతా వైకింగ్‌లే అయితే ఆ బిరుదుకి అర్థమే లేదు.

నేను చూడాలనుకున్నది మాత్రం ఇంకో రాయి. మే నెలలో ఒక ఆదివారం, చలి ఇంకా పూర్తిగా వదలని రోజు, లోకల్ ట్రైనెక్కి స్టాక్‌హోమ్‌కి వాయవ్యంగా ఉన్న బ్రో అనే ఊరికి వెళ్ళాను. అక్కడి చర్చి దగ్గర ఉంది అది. పాములా మెలికలు తిరిగిన పట్టీ, పట్టీ లోపల నిలువు గీతల రూన్ అక్షరాలు, అప్పటి స్కాండినేవియా లిపి. చదవడం నాకు రాదు, ఫోన్‌లో అనువాదం తెరిచి రాతి మీద అక్షరాలతో పాటు మెల్లగా వేలు తిప్పుతూ, ముట్టుకోకుండా గాలిలోనే, చదువుకున్నాను. హోల్మ్‌గేర్ కూతురు గిన్‌లోగ్ ఈ వంతెన కట్టించి, తన భర్త అస్సూర్ జ్ఞాపకంగా ఈ రాయి నిలబెట్టింది. అతను హాకన్ అనే ప్రభువు కొడుకు. గేటిర్ అనే అతనితో కలిసి వైకింగ్‌ల కాపలాదారుగా ఉన్నాడు. దేవుడు అతని ఆత్మకి తోడుండుగాక. వైకింగ్‌ల కాపలా అంటే, ఎక్కువమంది పండితులు చెప్పేదాన్ని బట్టి, వైకింగ్‌లు రాకుండా కాపలా. స్వీడన్ నడిబొడ్డున, మనం వైకింగ్‌ల సొంతిల్లు అనుకునే చోట, సొంత తీరానికి వైకింగ్‌ల నుంచి కాపలా కాస్తూ బతికిన మనిషి. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. గాలి చాలా ఉంది, చేతులు జేబులో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఒక ముసలాయన కుక్కతో వెళ్తూ 'హేయ్' అన్నాడు, నేనూ అన్నాను.

ఫోటో మావాడికి పంపాను. వెంటనే కాల్ చేశాడు.

"ఈయన వైకింగా మామయ్యా?"

"కాదురా, వైకింగ్‌లు రాకుండా చూసే వాచ్‌మన్."

కాసేపు నిశ్శబ్దం, నిరాశపడ్డాడని తెలుస్తూనే ఉంది. తర్వాత అడిగాడు, "మరి వాచ్‌మన్‌కి ఇంత పెద్ద రాయి ఎవరు పెట్టారు?"

"వాళ్ళావిడ. వంతెన కూడా కట్టించింది."

"వంతెన చూపించు," అన్నాడు. కెమెరా తిప్పి చుట్టూ చూశాను.